వ్రేలికొన, అడ్రినలిన్: ఒక పాఠ్యవాక్యముపై విమర్శ

వైద్యవిద్యార్థులకు తొలి సంవత్సరములలోనే నూరిపోసెడి వాక్యమొకటి కలదు. అడ్రినలిన్ కలిపిన మత్తుమందును చేతివ్రేళ్ళకు, కాలివ్రేళ్ళకు, ముక్కుకొనకు, చెవికి, పురుషాంగమునకు ఎన్నడును ఎక్కింపరాదనునదే ఆ వాక్యము. ఇంగ్లీషులో దీనిని ప్రాస కుదిర్చి చిన్న పాటవలె చేసికొన్నారు. పాటగా వచ్చినదానిని పరీక్షలో మరచినవాడు లేడు. అది నిజమా యని గట్టిగా అడిగినవారును చాలకాలము వరకు అరుదే. ఇరువదవ శతాబ్దములో శస్త్రవైద్య గ్రంథములు ఒకదాని వెంట నొకటి ఆ వాక్యమును ఎత్తి వ్రాసికొన్నవి. క్రొత్త కూర్పు వచ్చినప్పుడు బొమ్మలు మారినవి, మందుల పేర్లు మారినవి, వాక్యము మాత్రము మారలేదు.

గ్రంథవిమర్శ చేయువారు సాధారణముగా ఒక గ్రంథమును చేతికి తీసికొందురు. నేను ఈ వ్యాసములో ఒక వాక్యమును తీసికొనుచున్నాను. 2001 మొదలుకొని దానిని ప్రశ్నించిన కొన్ని వైద్యపత్రములు వచ్చినవి. వాక్యమును పరీక్షించినట్లే ఆ పత్రములను కూడ పరీక్షింపవలెను. వానిని చదివినవారిలో కొందరు పాత వాక్యమును తీసివేసి, దానికి సరిగా ఎదురైన మరియొక పాటను కట్టుకొనుచున్నట్లు నాకు తోచుచున్నది. అది మొదటి తప్పునకు తోడబుట్టినదే.

ముందుగా ఆ రెండు మందుల పొత్తు ఎట్టిదో చూతము. పన్ను తీయించుకొన్న పాఠకులకు అది కొంత అనుభవములోనిదే. చిగురులో సూది దిగిన కొద్ది నిమిషములకు పెదవి మొద్దుబారి, మనది కానట్లు వ్రేలాడును. ఒక్కొక్కరికి అదే సమయమున గుండె దడదడ కొట్టుకొని చేతులు వణకును. మొద్దుబారుట లిగ్నోకెయిన్ పని. ఆ దడ అడ్రినలిన్ పని. మన దేశములో దంతవైద్యులు వాడెడి మందులో సాధారణముగా 80,000 పాళ్ళకు ఒక పాలు అడ్రినలిన్ ఉండును. అనగా ఒక మిల్లీలీటరులో 12.5 మైక్రోగ్రాములు. ఈ దడను చూచి తమకు మత్తుమందు పడదని జీవితాంతము చెప్పుకొను పెద్దమనుష్యులు కలరు. అది పడకపోవుట కాదు. పులిని చూచినప్పుడు మన శరీరము తానే తయారు చేసికొను పదార్థమును దంతవైద్యుడు సూదితో ఇచ్చెను, అంతే.

లిగ్నోకెయిన్ నరపు పొరలోని సోడియము ద్వారములను మూసి, నొప్పివార్తను మెదడునకు పోనీయదు. కాని దానికొక దుర్గుణము కలదు. తాను దిగినచోట రక్తనాళములను వెడల్పు చేయును. వెడల్పయిన నాళములలో పారెడి రక్తము ఆ మందునే కడిగికొని పోవును. దీనివలన మత్తు త్వరగా తీరిపోవును. అంతకంటె ముఖ్యముగా, రక్తములో ఒక్కసారి ఎక్కువ మందు చేరినచో మెదడునకును గుండెకును విషమగును. అడ్రినలిన్ ఆ నాళములను ముడుచుకొనజేయును. మందు తన చోటనే నిలుచును. కత్తి పెట్టినచోట నెత్తురు తక్కువగా కారును. కిలో బరువునకు లిగ్నోకెయిన్ ఒంటరిగా నైనచో 4.5 మిల్లీగ్రాములు, అడ్రినలిన్ తోడైనచో 7 మిల్లీగ్రాములు మించరాదని అమెరికాలో మందుపత్రములు హద్దు పెట్టుట ఇందువలననే. వ్రేలిలో ఒంటరి లిగ్నోకెయిన్ మత్తు సుమారు 5 గంటలు నిలువగా, అడ్రినలిన్ తోడైనది సుమారు 10 గంటలు నిలిచినదని 2006 నాటి ఒక కెనడా ప్రయోగము చూపినది.

ఈ పొత్తు కుదిర్చినవాడు జర్మను శస్త్రవైద్యుడు హైన్రిక్ బ్రౌన్. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కంటి శస్త్రచికిత్సకు కొకెయిన్ పనికివచ్చునని లోకమునకు తెలిపెను. మరుసటి ఏడే అమెరికాలో లియొనార్డ్ కార్నింగ్ అను వైద్యుడు, సూది వేసినచోటికి పైన కట్టు బిగించి రక్తము నాపినచో కొకెయిన్ మత్తు చాలసేపు నిలుచునని కనిపెట్టెను. 1901 నాటికి జపాను రసాయనవేత్త జోకిచి తకమీనె అధివృక్క గ్రంథి సారమును స్ఫటికరూపమున వేరుచేసి అడ్రినలిన్ అని పేరు పెట్టెను. బ్రౌన్ ఈ రెంటిని దగ్గర చేర్చి, బిగికట్టు చేయు పనిని మందుచేత చేయించవచ్చునని 1903లో ప్రకటించెను. ఆయన దృష్టిలో అడ్రినలిన్ రసాయనికమైన బిగికట్టు. కట్టును మందును ఆయన ఒకే గాట కట్టిన ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

మత్తుమందునకు తోడుపోవు మందులు ఇంకను కలవు. అడ్రినలిన్ క్షారములో త్వరగా చెడును గనుక సీసాలోని ద్రావణమును ఆమ్లముగా నుంచుదురు. లక్షకు ఒక పాలు అడ్రినలిన్ గల లిగ్నోకెయిన్ ద్రావణపు పి.హెచ్. 4.2 ప్రాంతమున నుండును. సూదిమందు ఎక్కునప్పటి మంటకు కొంత కారణమదే. వాడబోవు సమయమున 10 మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు చొప్పున 8.4 శాతపు సోడియము బైకార్బొనేటు కలిపినచో ఆ మంట తగ్గును. కంటి శుక్లము తీయుటకు ముందిచ్చు మత్తులో హయల్యురోనిడేజ్ అను ఎంజైమును కలుపుదురు. అది కణజాలపు జిగురును కరిగించి మందును ప్రక్కలకు ప్రాకించును. మిక్కిలి భయపడువారికి మిడజొలామ్ వంటి నెమ్మదిపరచు మందు ఇత్తురు. వీనిని గూర్చి చెప్పుకొనదగిన తగవు లేదు. తగవంతయు అడ్రినలిన్ మీదనే, అందులోను వ్రేలి మీదనే.

నిషేధవాక్యమునకు పాఠ్యగ్రంథములు చెప్పెడి కారణము వినుటకు సొంపుగానే యుండును. వ్రేలు, ముక్కుకొన మున్నగునవి రక్తప్రవాహపు చివరి ఊళ్ళు. అక్కడికి పోవు ధమనులు అంత్యధమనులు, దారి ఒక్కటే. అడ్రినలిన్ ఆ దారిని మూసినచో ఆ ఊరు ఎండిపోవును, అనగా వ్రేలు నల్లబడి చచ్చిపోవును. తర్కము నున్నగా నున్నది. కాని శరీరశాస్త్రము ఈ తర్కమునకు సాక్ష్యమీయదు. ప్రతి వ్రేలికి అరచేతివైపున ఇరుప్రక్కల రెండు ధమనులు కలవు. అవి వ్రేలిలోపల కమానులవలె అడ్డముగా కలిసికొనును. వీపువైపున చిన్న ధమనులు వేరే కలవు. ఒక దారి మూసినచో మరియొక దారి కలదు. అన్నిటిని కలిపి ముడుచుకొనజేసినను ఆ ముడుపు శాశ్వతము కాదు. కొన్ని గంటలలో వీడిపోవును. తెగి పడిపోయిన వ్రేలిని చల్లగా నుంచి తెచ్చినచో 24 గంటలకును, చల్లదనము లేకున్నను సుమారు 12 గంటలలోపునను అతికించుటకు ప్రయత్నింపవచ్చునని చేతి శస్త్రవైద్యులు చెప్పుదురు. రక్తము చుక్కయైనను అందక అంతసేపు ఓర్చుకొను అవయవము, రక్తము తగ్గినంత మాత్రమున ఐదారు గంటలలో చచ్చునని నమ్ముటకు గట్టి సాక్ష్యము కావలెను.

ఇంతకంటె విచిత్రమైనది మరియొకటి. అడ్రినలిన్ వలన రక్తము ఆగునని భయపడిన శస్త్రవైద్యుడే, నెత్తురు కనబడకుండుటకై వ్రేలిమొదట రబ్బరు గొట్టమును బిగించి కట్టెడివాడు. బ్రౌన్ ఒకే గాట కట్టిన జంటలో మందును నిషేధించి, రక్తమును పూర్తిగా నాపు కట్టును మాత్రము నిశ్చింతగా వాడిరి. ఆ కట్టు నిజముగా నిరపాయమైనదా? వ్రేలికి కట్టిన రబ్బరును తీయుట మరచి, పైన గుడ్డపట్టీ చుట్టి రోగిని పంపివేయగా జరిగిన హానులు కలవు. ఇట్టి మరపులను గూర్చియే బ్రిటనులోని రోగిరక్షణ సంస్థ 2009లో ఆసుపత్రులన్నిటికి హెచ్చరిక పంపినది. అడ్రినలిన్‌కు ఈ మరపు లేదు. ఎవరు తీయకున్నను తానే తొలగును.

ఇక పాత సాక్ష్యమును తిరగదోడిన పత్రమునకు వత్తము. కాలిఫోర్నియాకు చెందిన కీత్ డెంక్లర్ అను శస్త్రవైద్యుడు 1880 నుండి 2000 వరకు ప్రపంచ వైద్యవాఙ్మయమును గాలించి, మత్తుసూది తరువాత వ్రేళ్ళు చచ్చిన కేసులను ఏరి 2001లో ప్రకటించెను. నూటయిరువది ఏండ్లలో ఆయనకు దొరికినవి 48. నాకు ఈ పత్రములో మిక్కిలి నచ్చినది ఆ 48ని ఒక్కచో పోసి లెక్కింపక, విడదీసి చూచుట. వానిలో అడ్రినలిన్ వాడినవి 21 మాత్రమే. తక్కిన 27 వ్రేళ్ళు అడ్రినలిన్ ముట్టకయే చచ్చినవి! నేరము జరిగినచోట్లలో సగముకంటె ఎక్కువ తావులకు అతడు పోనేలేదని తేలిన ముద్దాయిని నూరేండ్లు దోషియని పాఠములో చదివినట్లయినది.

మిగిలిన 21లోనైనను దోషము రుజువగునా? వానిలో 17 కేసులలో అడ్రినలిన్ ఎంత గాఢతలో నున్నదో తెలియదు. వైద్యుడు అక్కడికక్కడ చేతితో కలిపినది. ఇది చిన్న సంగతి కాదు. అడ్రినలిన్ మూలద్రావణము వెయ్యికి ఒక పాలు. లక్షకు ఒక పాలు కావలెనన్న 10 మిల్లీలీటర్ల మత్తుమందులో దానిని మిల్లీలీటరులో పదవవంతు, అనగా కొన్ని చుక్కలు, కలుపవలెను. పదవవంతునకు బదులు పూర్తి మిల్లీలీటరు పడినచో మందు పదిరెట్లగును. మసకవెలుతురులో, తొందరలో, గాజుసిరంజితో చుక్కలు లెక్కించు వైద్యుని తలచుకొన్నచో ఆ 17 అంకె వెనుక నున్న దృశ్యము మనకు కనబడును.

మరియొక సంగతి. ఆ వ్రేళ్ళలో అనేకము ముందే చెడియున్నవి. అప్పటి రోజులలో వ్రేలికి కత్తి పెట్టుటకు గోరుచుట్టు వంటి చీముపట్టిన వాపు సామాన్యమైన కారణము. చీముతో బిగిసిన వ్రేలిలో రక్తపుదారి ముందే ఇరుకు. దానిచుట్టు ఉంగరమువలె మందు ఎక్కించినచో ఆ ద్రవమే నాళములను నొక్కును. పైగా మొదట రబ్బరు కట్టు. పని ముగిసిన తరువాత వాపు తగ్గుటకై వేడినీళ్ళలో ముంచుట. మత్తులోనున్న వ్రేలికి నీళ్ళు కాలుచున్నదియు లేనిదియు తెలియదు. రోగి చేయి తీయడు. గోరుచుట్టుపై రోకటిపోటు అని మనవారనుట ఇట్టిచోట అక్షరాల నిజమైనది. ఈ పోట్లలో ఏది వ్రేలిని చంపినదో 1910లో గాని 1930లో గాని ఎవరు తేల్చగలరు? పాఠ్యగ్రంథకర్తలు తేల్చివేసిరి. అన్నిటిలోకి క్రొత్తది, పేరున్నది అడ్రినలిన్ గనుక దాని పేరు వ్రాసికొనిరి.

ఐనచో ఆ 27 వ్రేళ్ళను చంపినదెవరు? దీనికి సమాధానము వెదకినది 2007లో థామ్సన్, లలాండ్ మున్నగు కెనడా వైద్యులు వ్రాసిన పత్రము. వారు ప్రొకెయిన్ వైపు వ్రేలు చూపిరి. ప్రొకెయిన్ 1904లో జర్మనీలో ఐన్‌హోర్న్ తయారుచేసిన మందు. నోవొకెయిన్ అను పేరుతో అర్ధశతాబ్దము ప్రపంచమును ఏలినది. దానికొక లోపము. నిలువయున్నకొలది ఆమ్లత పెరుగును. సీసా ఎన్నడు తయారైనదో, ఎప్పటికి చెడునో తెలుపు తేదీలు ఆనాడు మందుపై నుండెడివి కావు. సూదికి సిద్ధముగానున్న కొన్ని ప్రొకెయిన్ సరకులలో పి.హెచ్. 1 వరకు దిగియున్నదని 1948లో అమెరికా ఆహారౌషధ శాఖ చేసిన హెచ్చరికను ఈ రచయితలు పాత సంచికలనుండి వెలికి తీసిరి. పి.హెచ్. 1 అనగా మన జీర్ణాశయములోని ఆమ్లమంతటి పులుపు. దానిని వ్రేలివంటి ఇరుకుచోట గ్రుచ్చినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అదే 1948లో స్వీడనునుండి లిగ్నోకెయిన్ విపణికి వచ్చినది. నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో చేసిన ఈ మందు నిలువకు తట్టుకొనును. పాత మందు పోయినది. పాత మందు చేసిన తప్పునకు దాని తోడుమందు పొందిన శిక్ష మాత్రము నిలిచినది.

ఈ వాదము నాకు బలముగానే తోచుచున్నది. ఐనను ఇది పరిస్థితుల సాక్ష్యమేగాని కన్నవారి సాక్ష్యము కాదని ఒప్పుకొనవలెను. ఆ చచ్చిన వ్రేళ్ళలోనికి పోయిన సీసాల ఆమ్లతను ఎవరు కొలువలేదు. రచయితలు వ్రాసిన తీరు కొంత గెలిచిన వకీలు తీరు. డెంక్లర్ పత్రములోను ఇట్టి దుముకు ఒకటి కలదు. కార్ఖానాలో కలిపి అమ్మెడి లిగ్నోకెయిన్-అడ్రినలిన్ వలన వ్రేలు చచ్చిన కేసు 2000 వరకు ఒక్కటియు ప్రకటింపబడలేదని ఆయన చెప్పెను. మాట నిజమే. కాని ఏ మందును వాడరాదని అందరికి బోధించితిమో ఆ మందువలన కేసులు తక్కువగా నుండుటలో వింత యేమి? వంతెనపై నడువరాదని బోర్డు కట్టి, వంతెనపై ఎవరును పడలేదు గనుక వంతెన గట్టిదనుటవంటిది ఇది. ఆ బోర్డును లెక్కచేయక ఆ మందును వ్రేళ్ళకు వాడినవారు లేకపోలేదు, డెంక్లర్ వారిని కూడ చెప్పినాడు. ఐనను మౌనమునుండి తీసిన సాక్ష్యమునకు మౌనమంత బలమే యుండును.

కావలసినది వంతెనపై నడచి చూచుట. ఆ పని చేసినది కెనడాలో డల్హౌసీ విశ్వవిద్యాలయపు పేర సాగిన పరిశోధన. 2002 నుండి 2004 వరకు ఆరు నగరములలో తొమ్మండుగురు చేతి శస్త్రవైద్యులు తాము చేతికిని వ్రేళ్ళకును అడ్రినలిన్ మత్తు ఇచ్చిన ప్రతి కేసును విడువక వరుసగా నమోదు చేసిరి. డానల్డ్ లలాండ్ నాయకత్వమున 2005లో ప్రకటితమైన ఆ లెక్క 3,110. చచ్చిన వ్రేలు ఒక్కటియు లేదు. అడ్రినలిన్ ముడుపును విప్పు ఫెంటోలమీన్ అను విరుగుడుమందు ఒక్కరికైనను అవసరపడలేదు. వాడిన గాఢత లక్షకు ఒక పాలు గాని అంతకు తక్కువ గాని. ఆ విరుగుడు నిజముగా పనిచేయునా యను ప్రశ్నకు వారే 2003లో ఉత్సాహవంతుల చేతులపై ప్రయోగము చేసి, విరుగుడు ఇచ్చినచోట వ్రేలిరంగు సగటున గంటన్నరలోపే తిరిగివచ్చినదనియు, ఈయనిచోట 5 గంటలకు పైగా పట్టినదనియు చూపిరి. పాత కేసులు చాలవరకు జరుగునాటికి ఈ విరుగుడు వైద్యుల చేతిలో లేదు.

ఉబ్బసపు, అలర్జీ రోగులు దగ్గర నుంచుకొను అడ్రినలిన్ సూదిపెన్నులు పొరపాటున వ్రేలిలో దిగిన కేసులను మరియొక పత్రము 2007లో కూర్చినది. ఆ పెన్నులోని మందు వెయ్యికి ఒక పాలు. శస్త్రవైద్యుడు వాడుదానికి నూరురెట్లు గాఢము. అట్టి 59 కేసులలో ఒక్క వ్రేలును పోలేదు. ఇట్టి కేసుల కూర్పులో నాకు సాధారణముగా నమ్మకము తక్కువ. కాని ఇక్కడ ఒక విశేషము గమనింపదగును. వైద్యులు పత్రికకెక్కించునది సాధారణముగా చెడిన కేసునే. చెడినదానికై కాచుకొనియుండు పత్రికలలోనే చెడినది కానరాకపోవుట కొంత బరువైన మాటయే.

ఇంతవరకు చదివినవారు వాక్యమును కొట్టివేయుటకు కలము తీయుదురు. కొంచెము ఆగవలెను. 3,110లో సున్న అనగా ఎప్పటికి సున్న అని కాదు. n కేసులలో ఒక్క ప్రమాదమును కనబడనిచో, అసలు ప్రమాదపు పాలు 3ను nచేత భాగించినంత వరకు ఉండవచ్చునని గణితశాస్త్రజ్ఞులు నూటికి 95 పాళ్ళ నమ్మకముతో చెప్పుదురు. 3ను 3,110 చేత భాగింపగా సుమారు వెయ్యింట ఒకటి. అనగా ఈ పరిశోధన వెయ్యింట ఒక వ్రేలు పోవుటను కొట్టివేయజాలదు. అందులోను ఆ 3,110 చేతిని వ్రేళ్ళను కలిపిన లెక్క. వ్రేళ్ళను మాత్రమే తీసినచో లెక్క తగ్గును, సందేహము పెరుగును. ఇంకొక మాట. అవి ముందుగా తేదీ నిర్ణయించుకొని చేసిన శస్త్రచికిత్సలు. యంత్రములో నలిగిన వ్రేలు, రెండురోజులు పసుపు, ఆకుపసరు కట్టి చీముపట్టిన తరువాత వచ్చిన వ్రేలు ఆ లెక్కలోనివి కావు. మన ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చునవి తరచుగా అట్టివే.

ఈ అనుమానము ఊరక కల్పించినది కాదు. లిగ్నోకెయిన్-అడ్రినలిన్ సూది తరువాత వ్రేలిని తీసివేయవలసివచ్చిన కేసు 2014లో ప్రకటితమైనది. స్నాయువు తొడుగులోనికి అదే మందు ఎక్కింపగా, విరుగుడు ఈయక వ్రేలు చచ్చిన కేసు 2017లో ప్రకటితమైనది. 2000 వరకు సున్నగానున్న లెక్క ఇప్పుడు సున్న కాదు. క్రొత్త ఉత్సాహవంతుల ప్రసంగములలో డెంక్లర్ చెప్పిన సున్నను ఇప్పటికిని వల్లించుట వినబడును. పాత వాక్యమును ఎత్తివ్రాసికొన్నవారిని వారు తప్పుపట్టినది దేనికో అదే వారును చేయుచున్నారు. ఇక యాదృచ్ఛిక పద్ధతిలో జరిగిన పరీక్షలను మాత్రమే ఏరి, ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు కాక్రేన్ సంస్థకై 2015లో చేసిన సమీక్షలో లెక్కకు నిలిచినవి నాలుగు పరీక్షలు, 167 మంది రోగులు. అంత కొంచెము సాక్ష్యముతో వాడుమని గాని మానుమని గాని తేల్చి చెప్పజాలమని వారనిరి. ఈ వ్యవహారములో నేను చదివినవానిలో గొంతు పెంచని పత్రము ఇది.

వాక్యము తప్పైనచో పోయినదేమి, వెయ్యింట ఒక భయముకూడ ఎందుకు, మానివేసిన సరిపోవును గదా యని కొందరడుగవచ్చును. మానివేయుటకును వెల కలదు. చేయిపైభాగమున బిగికట్టు కట్టినచో కొంతసేపటికి ఆ నొప్పి ఓర్వరానిదగును; కాబట్టి రోగికి నిద్రమత్తు గాని చంకవద్ద నరములకు మత్తు గాని ఈయవలెను. దానికి మత్తువైద్యుడు, ఉపవాసము, రక్తపరీక్షలు, మంచము. అడ్రినలిన్ వాడినచో రోగి మెలకువగా, కట్టు లేక, మాటలాడుచు పడుకొనియుండును. తెగిన స్నాయువును కుట్టినపిదప శస్త్రవైద్యుడు వ్రేలిని ముడువుమనును, రోగి ముడుచును. కుట్టు సాగినదా, ఎక్కడనైనను చిక్కుకొన్నదా యని చర్మము మూయకముందే కంటితో చూచి సరిదిద్దవచ్చును. నిద్రించు రోగి ఈ సాయము చేయలేడు. కుట్టు వదులైనదని ఆరు వారముల తరువాత తెలిసికొని మరల కత్తి పెట్టించుకొను కూలివానికి ఒక పాఠ్యవాక్యపు వెల ఎంతో తెలియును. మన దేశములోను ఈ పద్ధతిని అవలంబించిన చేతి శస్త్రవైద్యులు ఇప్పుడు పెక్కుమంది కలరు.

పద్ధతిలో ఓపిక కావలెను. సూది వేసిన ఏడు నిమిషములకు కత్తి పెట్టవచ్చునని పాత పాఠము. రక్తము బాగుగా ఆగుటకు సుమారు 25 నిమిషములు పట్టునని 2013లో లలాండ్ బృందము కొలిచి చూపినది. రద్దీగల శస్త్రచికిత్సాగారములో ఆ ఇరువది నిమిషములు దొరకవు. తొందరపడి కత్తి పెట్టి, నెత్తురు చూచి, అడ్రినలిన్ పనికిరాదని తీర్మానించినవారిని నేనెరుగుదును. రక్తనాళములు ముందే చెడినవారికి, చలికి వ్రేళ్ళు తెల్లబడి నీలమగు రేనో వ్యాధి కలవారికి, నలిగి రక్తము సందేహముగానున్న వ్రేలికి ఈ మందు వాడరాదని అనుకూలురును ఒప్పుకొందురు. రక్తపుపోటునకు ప్రొప్రనలాల్ వంటి మందు వాడువారికి అడ్రినలిన్ పోటును హఠాత్తుగా పెంచగలదు. రోగి ఆ సంగతి అడుగకున్నను చెప్పవలెను.

మందుపెట్టెలలోని కాగితములలో కొన్నిటిపై వ్రేళ్ళకు వాడరాదను హెచ్చరిక ఇంకను కలదు. దానిని దాటి వాడు వైద్యుడు రోగికి ఆ సంగతి చెప్పి వాడవలెను. కార్ఖానాలో కలిపి వచ్చిన సీసాను వాడవలెనుగాని, అది లేదని వెయ్యికొక పాలు అడ్రినలిన్‌ను చేతితో చుక్కలుగా కలుపరాదు. డెంక్లర్ లెక్కలోని ఆ 17 కేసులు అట్లు కలిపినవే. ఫెంటోలమీన్ బీరువాలో ఉన్నదో లేదో సూది ఎత్తకముందే చూచుకొనవలెను, లేనిచోట ఈ పనికి పూనుకొనరాదు. పని ముగిసిన తరువాత వ్రేలికొనను నొక్కి విడిచి చూడవలెను. ఎరుపు తిరిగివచ్చినదా సరి. తెల్లగా, చల్లగా ఉన్నదా, గడియారము ఎంతైనను రోగిని బల్లమీదనే ఉంచవలెను.